కార్డు పట్నంలో చెల్లుద్ది.. గూడెంలో జ్వరానికి ఎవరు కడతారు?

"వైద్యం ఉచితంగా ఇస్తే జనం అవసరం లేకపోయినా ఎగబడతారు. బిల్లు ఇంకొకరు కడితే ఖర్చు పెరిగిపోద్ది." ఏసీ గదుల్లో కూర్చున్న మేధావుల మాట ఇది.

సార్లూ, ఒక్కసారి మా ఏజెన్సీకి రండి. నిండు చూలాలిని డోలీ కట్టి, వాగు దాటించి తీసుకొచ్చేవాళ్లు సరదాకి వస్తున్నారా? మాకు ఖర్చంటే కౌంటర్ దగ్గర బిల్లొక్కటే కాదు. డోలీ మోసినోళ్ల కూలి, పట్నానికి చార్జీలు, వెంట వెళ్లినోళ్ల తిండి.. కార్డు ఉన్నా ఇవన్నీ మా జేబులోంచే పోతాయి.

బిల్లు మూడోవాడు కడితే ఖర్చు పెరుగుద్ది, నిజమే. కానీ పెంచేదెవరు? ఆపరేషన్ రాసేది రోగి కాదు కదా! ఛత్తీస్‌గఢ్‌లో రాష్ట్రీయ స్వాస్థ్య బీమా యోజన కార్డు మీద ఏం జరిగింది? కడుపునొప్పని వెళ్లిన పేద ఆడోళ్లను కేన్సర్ వస్తుందని భయపెట్టి గర్భసంచులు తీసేశారు. 2012లో ఇది బయటపడింది. బీహార్, రాజస్థాన్‌ల నుంచీ ఇవే ఫిర్యాదులు. విషయం సుప్రీంకోర్టు దాకా వెళ్తే, అనవసరపు గర్భసంచి ఆపరేషన్లను ఆపే మార్గదర్శకాలు అమలు చేయాలని 2023 ఏప్రిల్‌లో కోర్టు రాష్ట్రాలకు చెప్పింది. ఆ ఆడోళ్లు ఎగబడ్డారా? కార్డులో డబ్బుంది కాబట్టి కోశారు.

మన దగ్గర 2007లో ఆరోగ్యశ్రీ మొదలైంది. ఎందరో పేదోళ్ల ప్రాణాలు నిలబెట్టింది, కాదనం. 2023 డిసెంబరుకల్లా పరిమితి తెలంగాణలో 10 లక్షలు, ఆంధ్రాలో 25 లక్షలు అయింది. పోస్టర్ మీద అంకె పెరిగింది. కానీ ఆ డబ్బు ప్యాకేజీ ఉన్న వైద్యానికే, అదీ నెట్‌వర్క్ ఆసుపత్రి ఉన్నచోటికే పోద్ది. పెద్దాసుపత్రులన్నీ పట్నాల్లోనే ఉన్నాయి.

మన దేశంలో జనం వైద్యానికి సొంతంగా పెట్టే ఖర్చులో పెద్ద వాటా ఓపీకీ మందులకే. మలేరియా, రక్తహీనత, సికిల్‌సెల్ నొప్పి.. వీటికి కావాల్సింది గూడెం దగ్గర డాక్టరు, రక్తపరీక్ష, మందుబిళ్ల. ఇందులో లాభం లేదు, అందుకే ఏ కార్పొరేట్ ఆసుపత్రీ కొండెక్కదు.

కార్డు తీసేయమని మేం అనట్లేదు. కోత అవసరమా కాదా అని ప్రైవేటు ఆసుపత్రి ఒక్కటే తేల్చకూడదు, ప్రభుత్వ డాక్టరు కూడా చూడాలి. రోగిని గూడెం నుంచి దించే ఖర్చు సర్కారే పెట్టుకోవాలి. అన్నిటికన్నా ముందు పీహెచ్‌సీలో పోస్టులు నింపాలి.

తమ్ముళ్లూ, చెల్లెళ్లూ! ఈ వారమే మీ పీహెచ్‌సీ మీద ఆర్టీఐ వేయండి: డాక్టరు, నర్సు, ల్యాబ్ టెక్నీషియన్ పోస్టులు ఎన్ని? ఎన్ని ఖాళీ? ఏ మందులు లేవు? జవాబు కాగితం గ్రామసభలో అందరి ముందు చదవండి. పరిమితి పెంచామని ఓటుకొచ్చే నాయకుడి చేతిలో ఆ కాగితం పెట్టండి.

జోహార్!