అగ్గిపుల్ల గీసే ముందు ఒక్క మాట



చెరకు నరుకుళ్లు మొదలయ్యాయంటే మన చోడవరం చుట్టుపక్కల సాయంత్రం పూట ఏ దిక్కు చూసినా పొగే. బుచ్చెయ్యపేట వైపు ఒకటి, రావికమతం వైపు ఒకటి, మాడుగుల రోడ్డు పక్కన ఇంకొకటి. పట్నం వాళ్లు అది చూసి రైతులే గాలి పాడు చేస్తున్నారంటారు. వాళ్లకి చెప్పాల్సిన సమాధానం వేరే ఉంది, అది ఇంకోరోజు. ఇవాళ మనలో మనం మాట్లాడుకోవాల్సిన మాట ఇది.

నా అభిప్రాయం ముందే చెప్పేస్తాను. ఆకంతా తగలబెట్టేయడం తప్పు. అసలేదీ తగలబెట్టొద్దనడమూ తప్పే. కాల్చి తీరాల్సిన చెత్త కొంత ఉంది. కాల్చకూడని చెత్త దానికి పదింతలుంది. మనం రెండింటినీ కలిపి ఒకే అగ్గిపుల్లతో తేల్చేస్తున్నాం.

ఎందుకు కాలుస్తామో మనకి తెలుసు. నరుకుడు అయ్యాక చేలో మోకాలెత్తు ఆకు. అది తియ్యందే మోళ్లు చెక్కలేం, సాళ్లు దున్నలేం, కార్శికి నీళ్లు కట్టలేం. కూలీలు దొరకరు, దొరికినా ఆ ఆకులో చేతులు కోసుకుపోతాయి, పాము భయం. అగ్గిపుల్ల ఖర్చు ఎంత? అరగంటలో చేను శుభ్రం. ఇది బద్ధకం అని ఎవరైనా అంటే నేను ఒప్పుకోను. చేతిలో డబ్బు, మనుషులు లేనప్పుడు మనిషి చేసే పని అది.

కాకపోతే ఆ అరగంటలో ఏం పోతోందో లెక్క కట్టి చూద్దాం. ఎకరాకి ముప్పై టన్నుల చెరకు పండితే ఎండాకు సుమారు మూడు టన్నులు వస్తుంది. టన్ను ఆకులో నత్రజని నాలుగు కిలోలు అనుకోండి, మొత్తం పన్నెండు కిలోలు. కాలిస్తే అందులో ఎక్కువ భాగం పొగలో పోతుంది. 45 కిలోల యూరియా బస్తాలో ఉండే నత్రజని 20 కిలోల పైచిలుకు. అంటే మనం కాల్చింది అర బస్తా యూరియా కంటే కాస్త ఎక్కువ. బస్తా 266 రూపాయల యాభై పైసల లెక్కన నూట యాభై రూపాయల మాట.

ఆకు కాలిస్తే వేలకి వేలు ఎరువు కాలిపోయినట్టే అని మీటింగుల్లో చెప్పే మాట అందుకే నాకు నచ్చదు. నూట యాభై రూపాయలు ఒక మనిషి రోజు కూలికి కూడా చాలవు. ఈ లెక్క రైతుకి తెలుసు కాబట్టే ఆ మాట వినడు.

అసలు నష్టం యూరియాలో లేదు, నేలలో ఉంది. మన గరువు నేలలు ఎర్రవి, తేలికవి. నీళ్లు పెట్టిన నాలుగు రోజులకే తెల్లబోతాయి. ఇంటికి రెండు జతల ఎడ్లు, నాలుగు గేదెలు ఉన్న రోజుల్లో గత్తం బళ్లకొద్దీ తోలేవాళ్లం. ఇప్పుడు పశువులు ఏవి? ట్రాక్టరు పేడ వెయ్యదు కదా. గత్తం తగ్గిపోయిన నేలకి మనం తిరిగి ఇవ్వగలిగిన ఒకే ఒక్క తిండి ఆ మూడు టన్నుల ఆకు. దాన్ని కూడా ఏటా కాలిస్తే పదేళ్ల తర్వాత ఆ నేల ఎంత యూరియా పోసినా పలకదు. పొటాష్ బూడిదలో మిగులుతుంది, నిజమే. కానీ పల్చగా చేనంతా పరుచుకున్న ఆ బూడిదని ఒక్క గట్టి గాలి ఎత్తుకుపోతుంది.

మన అనకాపల్లి పరిశోధనా స్థానం 1913లో పెట్టింది. చెరకు మీద పనిచేసే పాత కేంద్రాల్లో ఒకటి, మనకి గంట ప్రయాణం. వాళ్లు ఎన్నేళ్ల నుంచో చెప్తున్న మాట: చెరకు నాటిన మూడో రోజున ఎకరాకి ఒకటింపావు టన్ను దాకా చెరకు ఆకు పరవండి, తేమ నిలుస్తుంది, కలుపు తగ్గుతుంది, పీక పురుగు తాకిడి తగ్గుతుంది. పీక పురుగుకి మందు కొట్టిన వాళ్లకి ఆ చివరి మాట విలువ తెలుస్తుంది.

ఇక మీరు అనబోయేవి నాకు తెలుసు.

ఆకు ఉంటే కార్శి పిలక రాదంటారు. మోడు మీద ఆకు ఉంటే రాదు, సాలు మధ్యలో ఉంటే వస్తుంది. ముందు ఆకుని సాళ్ల మధ్యకి లాగి, మోళ్లు భూమట్టానికి పదునైన పారతో చెక్కేయండి. అన్ని సాళ్లలోకీ లాగక్కర్లేదు. ఒక సాలు విడిచి ఒక సాలులో వేస్తే ఖాళీ సాలులో నీరు పారుతుంది, మనిషి నడుస్తాడు.

చెదలు, ఎలకలు వస్తాయంటారు. వస్తాయి, అబద్ధం చెప్పను. చెదలున్న నేలలో మందంగా వెయ్యొద్దు, పల్చగా వేసి తడి ఆరకుండా చూసుకోవాలి. మరీ ఎక్కువైతే ఆ ముక్కలో ఆకు తీసేసి పెంటపోగులో వెయ్యండి.

కుళ్లడానికి ఏడాది పడుతుందంటారు. ఊరికే వదిలేస్తే పడుతుంది. ఆకు గట్టిది, నత్రజని తక్కువ. తడిపి, పైన కాస్త యూరియా చల్లి, పేడ నీళ్లు పోస్తే త్వరగా మెత్తబడుతుంది. ఘజియాబాద్ జాతీయ సేంద్రియ వ్యవసాయ కేంద్రం వాళ్లు ఇరవై రూపాయల సీసాతో తెచ్చిన వేస్ట్ డీకంపోజర్ కూడా ఉంది. 200 లీటర్ల నీళ్లలో రెండు కిలోల బెల్లం కలిపి వారం రోజులు రోజూ కలియబెడితే తయారవుతుంది. బెల్లం గురించి అనకాపల్లి మార్కెట్టు పక్కనున్న మనకి ఒకరు చెప్పాలా! చిట్టూ పాకూ మిగిలిన నల్ల బెల్లం దానికి చాలు.

సరే, మరి కాల్చాల్సినవి ఏవి?

ఎర్రకుళ్లు తగిలిన దుబ్బులు. గడ చీలిస్తే లోపల ఎర్రగా, మధ్యలో తెల్ల మచ్చలు, పుల్లటి సారా వాసన వస్తే అదే. వేళ్లతో సహా తవ్వి కాల్చాల్సిందే. ఆ చేను ఆకుని నేలకి కప్పొద్దు, కార్శి కూడా ఉంచొద్దు. కాటుక తెగులు కొరడాలు: గోనె సంచి తొడిగి కోసి, నల్లపొడి రాలకుండా తెచ్చి కాల్చాలి. జీడితోటలో కాండం తొలిచే పురుగు పట్టి చచ్చిన చెట్టు: మొద్దు, వేరు తీసి కాల్చకపోతే పక్క చెట్టుకి మీరే పురుగుని పంపినట్టు. ముళ్ల తుప్పలు, గింజ కట్టిన మొండి కలుపు కూడా ఈ జాబితాలోవే. ఇవన్నీ కలిపినా ఒక కుప్ప. చేనంతా కాదు.

ఆ కుప్పని కాల్చే పద్ధతి కూడా ఒకటుంది.

కోసిన వెంటనే అంటించొద్దు. పచ్చిది పొగే తప్ప మండదు. వారం పది రోజులు ఎండనివ్వండి. తెగులు చెత్త అయితే కోసినచోటే ఓ మూల ఎండబెట్టండి, ఊరంతా తిప్పొద్దు. కుప్ప చిన్నదిగా వెయ్యండి. మండేకొద్దీ పైన వేసుకుంటూ పోవచ్చు. చెట్టు కింద, కరెంటు తీగ కింద, డ్రిప్పు పైపుల పక్కన, తాటిచెట్ల వరస దగ్గర వద్దు. ఎండు తాటిమట్టకి ఒక్క నిప్పురవ్వ చాలు. చుట్టూ రెండు బారల మేర ఆకు ఊడ్చి మట్టి కనపడేలా చెయ్యండి.

పది రోజులున్న కుప్పలో పాము ఉంటుంది, ముంగిస ఉంటుంది, పిట్ట గుడ్లు పెట్టి ఉండొచ్చు. అంటించే రోజున పొడుగాటి కర్రతో కుప్ప కదిపి, పక్కకి తిరగేసి, అప్పుడు వెలిగించండి. దానికి బతికే అవకాశం ఇచ్చినట్టు, మన కాళ్లకీ భద్రత.

పొద్దున్న మంచు ఆరాక, గాలి లేవకముందు అంటించండి. మధ్యాహ్నం తర్వాత మొదలుపెట్టొద్దు. చీకటిపడ్డాక అసలొద్దు. చలికాలం రాత్రి పొగ పైకి పోదు, రోడ్డు మీద పరుచుకుని బండి మీద వచ్చేవాడి కళ్లు కప్పేస్తుంది. పెట్రోలు పొయ్యొద్దు. పక్కన రెండు స్ప్రేయర్ల నిండా నీళ్లు, నాలుగు పచ్చి వేప కొమ్మలు, ఇద్దరు మనుషులు ఉండాలి. మంట కనపడకపోతే ఆరిపోయినట్టు కాదు. కుంపటి లోపలే ఉంటుంది. తిరగేసి, నీళ్లు చల్లి, చెయ్యి పెట్టి చూసి అప్పుడు ఇంటికి రండి. చెయ్యి దాటిందనిపిస్తే మొహమాటం లేకుండా 101కి ఫోన్ కొట్టండి.

చల్లారిన బూడిదని వానకి తడవకుండా ఎత్తిపెట్టుకోండి. కొబ్బరికీ అరటికీ కూరపాదులకీ మంచిది. యూరియాతోనూ పచ్చి పేడతోనూ మాత్రం కలపొద్దు, నత్రజని గాలిలో పోతుంది.

భోగి గురించి ఒక మాట. పిడకల దండలు, ఎండుకొమ్మలు, పాత తాటాకు వేసిన మంట మన తాతలది. ఇప్పుడు టైర్లు, ఎరువు సంచులు, మందు డబ్బాలు పడుతున్నాయి. చెత్తని బయట కాలిస్తే ఐదు వేల జరిమానా అని 2016 డిసెంబరులో జాతీయ హరిత ట్రిబ్యునల్ చెప్పింది. జరిమానా సంగతి పక్కనపెట్టండి. ఆ మంట చుట్టూ నిలబడేది మన పిల్లలే కదా.

ఇప్పుడు అసలు మాట. మన చేలో అగ్గి మన గట్టు దగ్గర ఆగుతుందని ఎవరు హామీ? పక్కవాడి చెరకు ఇంకా నరకలేదు. కాలిన చెరకు గంటగంటకీ బరువు తగ్గుతుంది, పంచదార పాలు పడిపోతుంది. గానుగకి వేస్తే బెల్లం నల్లబడుతుంది, గట్టిపడదు. ఏడాది కష్టం అరపూటలో పోతుంది. పరిహారం ఎవరిస్తారు? పెద్దమనుషుల దగ్గర పంచాయితీ, తర్వాత స్టేషను, తర్వాత రెండిళ్ల మధ్య మాటలు ఉండవు. ఒకే గట్టు మీద పుట్టి పెరిగిన అన్నదమ్ములు పెళ్లిళ్లకి కూడా పిలుచుకోని ఇళ్లు మన మండలంలో వెతకక్కర్లేదు, మీకే తెలుసు.

అందుకని మూడు మాటలు ఊళ్లో అనుకుందాం. ఒకటి, గట్టు పక్కవాడికి ముందురోజు చెప్పకుండా ఎవరూ అంటించకూడదు. రెండు, ఆకు ముక్కలు చేసే యంత్రం ఒక ఊరి రైతులు కలిసి అడిగితే వినిపిస్తుంది. ఒక్కడు అడిగితే దరఖాస్తు మిగులుతుంది. రైతు సేవా కేంద్రంలో పది సంతకాలతో అడుగుదాం. మూడు, భూమి ఉన్న ఆసాములకి చెప్తున్నాను. ఏడాది కౌలుకి ఇచ్చి, ఆకు కాల్చొద్దు అంటే కౌలుదారు ఎందుకు వింటాడు? వచ్చే ఏడాది ఆ చేను అతనిదో కాదో తెలియదు. నేల బాగుపడితే లాభం మీకు, కూలి ఖర్చు అతనికా? ఆకు పరిచే కూలిలో సగం మీరు పెట్టుకోండి, లేదా మూడేళ్లకి కౌలు రాసివ్వండి. అప్పుడు అడగండి.

ఈ సీజనుకి ఎకరం అంతా చెయ్యమని అనను. పది సెంట్లు చాలు. అంత మేర ఆకు కాల్చకుండా పరిచి, పక్క సాళ్లతో పోల్చి, వైశాఖం ఎండల్లో రెండు చోట్లా మట్టి చేత్తో పట్టి చూడండి. మీ చెయ్యి ఏం చెప్తే అదే నమ్మండి, నా మాట అక్కర్లేదు.