కంచం ముచ్చట్లు – 11: కోసిన కడుపుకు మడి కట్టకండి



ఈ వారం హాస్టల్ మెస్సుల గురించి రాస్తానన్నా. అది వచ్చే వారం. మొన్న రాత్రి ఇన్‌బాక్స్‌లోకి ఒక మెసేజ్ వచ్చింది, దాన్ని పక్కన పెట్టి ఇంకోటి రాయడం నా వల్ల కావట్లేదు. పీజీ చదువుతున్న మన పిల్ల. అడిగే రాస్తున్నా, పేరూ ఊరూ చెప్పను.

"అక్కా, ఐదు నెలల కింద బరువు తగ్గే ఆపరేషన్ అయింది. స్లీవ్. చిన్న వయసులనే షుగర్ వచ్చిందని నాయిన అప్పు తెచ్చి చేయించిండు. అప్పటిసంది మాంసం, గుడ్డు, పాలు ఏదీ తినబుద్ధి అయితలేదు. జంతువుల గురించి చదివినయి కూడ మనసుల ఉన్నయి. వీగన్ అయిన. మన గ్రూపుల చెప్తే నవ్విన్రు. ఒకన్న 'జంధ్యం ఎప్పుడు ఏసుకుంటవ్ చెల్లె' అన్నడు. నేను మనోళ్లకు ద్రోహం చేస్తున్ననా?"

చివర్న ఇంకో రెండు ముక్కలు: "ఈ మధ్య అరికాళ్లల్ల తిమ్మిర్లు. బిళ్లలు రెండు నెలల సంది ఏస్తలేను, పైసలు లెవ్వు. అదేం పెద్ద ముచ్చట కాదు లే అక్కా."

కాదా? దాని దగ్గరికి వస్తా. ముందు ఆ అన్న లెక్క తేలాలి.

అన్నా, 2012లో ఉస్మానియాలో పెద్దకూర పండగ ఎందుకు జరిగింది? మా కంచంలో ఏముండాలో నువ్వు చెప్పకు అని చెప్పడానికి. అదే మాట ఇవాళ ఈ పిల్ల నీకు చెబుతోంది. అప్పుడు చప్పట్లు కొట్టిన చేతులు ఇప్పుడు ఎందుకు వెనక్కి పోయాయి? నీ రూమ్ గోడ మీద ఏంజెలా డేవిస్ పోస్టర్ ఉంది, నేను చూశా. ఆమె వీగన్. ఆమెకు కూడా జంధ్యం కొలత తీస్తావా?

ఇంకో సంగతి. ఆడపిల్ల లావుగా ఉంటే నవ్వుతారు. ఆపరేషన్ చేయించుకుంటే, నోరు కట్టుకోలేక షార్ట్‌కట్ పట్టింది అని నవ్వుతారు. ఆ తర్వాత ఏం తిన్నా నవ్వుతారు. సిద్ధాంతం మాత్రం మీ దగ్గరే ఉంటుంది!

ఇక రెండో పక్షం. నేనూ మూడేళ్ల కింద ఇదే ఆపరేషన్ చేయించుకున్నా, హైదరాబాద్‌లో ఒక కార్పొరేట్ ఆస్పత్రిలో. డిశ్చార్జి రోజు డైటీషియన్ మేడం కాగితం చేతికిచ్చారు. పెసరపప్పు కట్టు, మజ్జిగ, రాగిజావ, పనీర్. నేను అడిగాను, కీమా ఎన్నాళ్లకు తినొచ్చు మేడం అని. "మటనా?" "కాదండీ, పెద్దకూర." పెన్ను ఆగింది. ముఖం చూడలేదు, కాగితం వైపే చూస్తూ అన్నారు: "ఇంకా అవన్నీ ఎందుకండీ? కొత్త జీవితం మొదలవుతోంది కదా, ప్యూర్ వెజ్ అయిపోండి. ఒళ్లూ మనసూ శుభ్రమవుతాయి."

మనసు శుభ్రం చేసే డైటెటిక్స్ ఏ సిలబస్‌లో ఉందో ఆ డిగ్రీ చదివినవాళ్లు చెప్పాలి. 2014 నాటి ఎస్ఆర్ఎస్ సర్వేలో తెలంగాణలో 98 శాతానికి పైగా జనం మాంసాహారులని తేలింది. మరి ఆ కాగితం ఎవరింటి వంటగది చూసి రాసినట్టు?

ఆమె చెప్పాల్సిన వైద్యం వేరే ఉంది. స్లీవ్‌లో జీర్ణాశయంలో 75 నుంచి 80 శాతం కోసి తీసేస్తారు, సన్నటి గొట్టంలాంటిది మిగులుతుంది. మొదట్లో గట్టి మాంసం ముక్క దిగదు, గొంతు కింద పట్టేస్తుంది. గుడ్డు, చేప, మెత్తటి కీమా ముందు, ముక్క తర్వాత. ఇంతే. నాకు పెద్దకూర ముక్క దిగడానికి ఎనిమిది నెలలు పట్టింది, అది నా కడుపు చెప్పిన మాట, వినక తప్పలేదు. మేడం చెప్పింది కులం మాట.

ఇంకో తమాషా వినండి. ఆపరేషన్ తర్వాత కాళ్లలో రక్తం గడ్డకట్టకుండా పొట్ట మీద పొడిచే ఇంజెక్షన్ ఎనాక్సపారిన్. దాన్ని పంది పేగుల లోపలి పొర నుంచి తీస్తారు. అదే ఆస్పత్రి రాసిచ్చిన విటమిన్లలో కొన్ని జెలటిన్ గొట్టాలు. జెలటిన్ అంటే పశువుల ఎముకలు, తోళ్లు ఉడికించి తీసేది. ఆ ఎముకలు ఏరేవాళ్లెవరో, ఆ తోళ్లు మోసేవాళ్లెవరో నేను చెప్పాలా? ఫార్మసీ బిల్లులో వస్తే పందీ పశువూ మందు. మా అమ్మ టిఫిన్ డబ్బాలో వస్తే మైల.

పైగా "ప్యూర్ వెజ్" వాళ్లు వీగన్ అనే మాటను కూడా తమ ఖాతాలో రాసుకుంటున్నారు. 1944లో ఇంగ్లండ్‌లో డోనాల్డ్ వాట్సన్, ఆయన మిత్రులు ఆ మాట పుట్టించిందే పాలూ గుడ్లూ తీసుకునే శాకాహారుల నుంచి వేరుపడటానికి. నెయ్యి, పెరుగు, పనీర్, పంచామృతం – వీగన్ లెక్కలో ఇవన్నీ అవుట్. పాడి ఉన్నచోట వట్టిపోయిన ఆవు ఉంటుంది, పనికిరాని కోడెదూడ ఉంటుంది, ఒకరోజు కళేబరం ఉంటుంది. పాలు తాగినవాడి చేతికి మరక అంటదు. 2016లో ఊనాలో చచ్చిన ఆవు తోలు తీస్తున్న మన పిల్లల్ని కారుకు కట్టేసి కొట్టారు. జంతువుల మీద ప్రేమ ఉన్నవాళ్లు ఆ కారు గురించి కూడా మాట్లాడాలి. మాట్లాడని వీగన్‌లతో నాకు పేచీ ఉంది, ఈ పిల్లతో కాదు.

చెల్లె, ఇప్పుడు నీ సంగతి.

ద్రోహం అంటున్నావు. మా నాయినమ్మ నెలలో ఇరవై ఐదు రోజులు వీగనే. జొన్న గటక, పచ్చిపులుసు, తోటకూర. పాలు దొర ఇంట్లో, మన ఇంట్లో కాదు. అది ఆమె ఎంచుకున్నది కాదు, లేనితనం. నువ్వు ఎంచుకున్నావు. ఆ తేడా చిన్నది కాదు, ఎవరి అనుమతీ అక్కర్లేదు.

కానీ నీ కడుపు నాయినమ్మ కడుపు కాదు. ఈ ఆపరేషన్ అయినవాళ్లకు రోజుకు కనీసం 60 గ్రాముల ప్రొటీన్ కావాలంటారు. పట్టేది కొద్దిగా. వంద గ్రాముల కందిపప్పులో 22 గ్రాములు ఉంటుంది నిజమే, కానీ చారు చేసుకుని నాలుగు చెంచాలు తాగితే ఎంత పోతుంది లోపలికి? మీల్‌మేకర్‌లో వందకు 50 గ్రాముల దాకా ఉంటుంది, నానబెట్టి మెత్తగా రుబ్బి వండుకో. టోఫు, సోయాపాలు, పల్లీలు. అప్పటికీ చాలదు, బఠాణీ ప్రొటీన్ పొడి కావాలి. డబ్బా వేలల్లో ఉంటుంది. కడుపు కోసేముందు ఈ ఖర్చు మీ నాయినకు ఎవరైనా చెప్పారా?

ఇక బి12. మొక్కల్లో ఉండదు, దాన్ని చేసేది బ్యాక్టీరియా. మాంసం, గుడ్డు, పాలు తినేవాళ్లకు వాటి ద్వారా అందుతుంది. దాన్ని ఒంటికి పట్టించే ఆమ్లం, ఇంట్రిన్సిక్ ఫ్యాక్టర్ అనే పదార్థం తయారయ్యే చోటులో ఎక్కువ భాగం ఆపరేషన్‌లో పోయింది. అంటే నీకు రెండు దారులూ మూసుకున్నాయి. మాంసం తినే నేను కూడా బిళ్ల జీవితాంతం వేసుకోవాల్సిందే, నీకైతే ఒక్క వారం సెలవు లేదు. రోజూ 350 నుంచి 1000 మైక్రోగ్రాముల బిళ్ల, లేదంటే నెలకో ఇంజెక్షన్. ఐరన్, కాల్షియం కూడా ఆపకు, కాకపోతే రెండూ ఒకేసారి మింగకు, రెండు గంటల ఎడం ఉండాలి. ఎన్ఎఫ్‌హెచ్ఎస్-5 ప్రకారం తెలంగాణ ఆడవాళ్లలో 57.6 శాతానికి రక్తహీనత ఉంది. ఆపరేషన్ కాకముందే మన బతుకు అది.

జుట్టు గురించి నువ్వు రాయలేదు గానీ ఊడుతుంటుంది, మూడో నెల నుంచి చాలామందికి ఊడుతుంది, మళ్లీ వస్తుంది. అరికాళ్ల తిమ్మిరి అలా వదిలేసేది కాదు. బి12 తగ్గినా, థయమిన్ తగ్గినా నరాలు దెబ్బతింటాయి, ఆలస్యమైతే ఆ నష్టం పూర్తిగా తిరిగి రాకపోవచ్చు. వాంతులు కూడా ఉంటే ఇంకా ఆగకు, ఆ రోజే ఆస్పత్రికి పో.

గ్రూపులో నువ్వు చెప్పినప్పుడు నవ్వినవాళ్లు ఎంతమందో లెక్క చూశా. పదిహేడు ఎమోజీలు. బిళ్లలు వేసుకుంటున్నావా అని అడిగినవాళ్లు సున్నా. మీ ఆస్పత్రి కూడా ఒక్క ఫోన్ చేయలేదు. ఒకళ్లకు నీ కంచంలో మైల కనిపించింది, ఇంకొకళ్లకు మడి కనిపించింది. కాళ్లు ఎవరికీ కనిపించలేదు.

పదిహేడు మందీ, మనిషికి రెండొందలు. రేపు పొద్దున పదకొండు లోపు నాకు పంపండి. బి12, థయమిన్, ఫెరిటిన్, విటమిన్ డి, హిమోగ్లోబిన్ – పరీక్షలకు నేనే వెంట తీసుకుపోతున్నా, డాక్టర్‌ను కూడా రేపే కలుస్తాం. మిగిలితే మూడు నెలల బిళ్లలు. జంధ్యం అన్న అన్న మాత్రం ఐదొందలు.

జై భీమ్.