పిల్లల్ని చూడని టీచరుకు పట్టా ఎందుకు?

మాణికేశ్వర్ నగర్ అమ్మలారా, అయ్యలారా! యూనివర్సిటీ విద్యార్థి మిత్రులారా!

మన బస్తీలో ఒక పాపకు ఐదేళ్లు నిండలేదు. ఒక ప్రైవేటు బడిలో టీచరమ్మ చింతగింజలు రెండు వరసలు పేర్చింది. రెండింటిలోనూ ఐదేసి గింజలే. ఒక వరస దగ్గర దగ్గరగా, ఇంకోటి ఎడమెడంగా ఉంది. దేంట్లో ఎక్కువున్నాయని అడిగితే పాప ఎడంగా ఉన్న వరస చూపింది. చెంప ఛెళ్లుమంది. పిల్ల మొద్దని తల్లికి చీటీ వచ్చింది.

ఆ వయసు పిల్లలు సాధారణంగా చెప్పే జవాబే అది. వరస పొడుగ్గా కనిపిస్తే గింజలు ఎక్కువనుకుంటారు. పిల్లల ఆలోచన ఎదిగే తీరును పరిశీలించిన జీన్ పియాజే సరిగ్గా ఇలాంటి వరసలే పేర్చి చూశాడు. రెండు నుంచి ఏడేళ్ల దాకా పూర్వ ప్రచాలక దశ అన్నాడు. కొట్టిన టీచరుకు ఈ మాట తెలియక కాదు. ఆమె శిక్షణ పొందిన మనిషి, పియాజే చెప్పిన నాలుగు దశలూ పరీక్షలో రాసి పాసైంది. ఎదురుగా నిలబడ్డ పిల్లలో మాత్రం ఆ దశను పోల్చుకోలేకపోయింది.

ఎలా పోల్చుకుంటుంది? శిక్షణలో ఆమెకు పిల్లల్ని చూపిందెవరు?

టీచర్ శిక్షణలో రాసే కేస్ స్టడీ రికార్డు సంగతి ఆ చదువు చదివిన వాళ్లందరికీ తెలుసు. ఒక పిల్లవాణ్ణి ఎంచుకుని, వాడి ఆట, మాట, అలక అన్నీ గమనించి రాయాలి. జరిగేది వేరు. సీనియర్ రికార్డు తెస్తారు, పేరు మారుస్తారు, కొత్త అట్ట వేస్తారు. పుట్టనే పుట్టని పిల్లవాడికి ఎత్తు, బరువు, స్వభావం అన్నీ సిద్ధం. బ్యాచీలు ఎన్ని మారినా వాడి వయసు నాలుగేళ్లే. ఎప్పుడూ చురుకైనవాడే, కాస్త బిడియస్తుడే. మార్కులు పడేది అట్టకు, స్కెచ్ పెన్ను హెడ్డింగులకు. సంతకం పెట్టే ఎగ్జామినర్ ఆ పిల్లవాడేడీ అని అడగడు. వైగాట్‌స్కీ చెప్పిన సామీప్య వికాస మండలానికి (పెద్దల సాయంతో పిల్లలు చేయగలిగే పనుల పరిధికి) నిర్వచనం రాసిన చేతులకు, బొత్తాం పెట్టుకోలేక తంటాలు పడుతున్న పాపకు ఎంతవరకు సాయం చేయాలో, ఎక్కడ చెయ్యి వెనక్కి తీసుకోవాలో తెలియదు.

మెత్తగా చెప్పే రోజులు పోయాయి. ఇలా రికార్డు కాపీ కొట్టడం ఫోర్జరీ. దాని మీద ప్రభుత్వ ముద్ర పడుతోంది, దాని దెబ్బ మన పిల్లల చెంపల మీద పడుతోంది.

పిల్లల దగ్గరే నేర్చుకున్నవాళ్లూ ఉన్నారు. మారియా మాంటిస్సోరి 1907లో రోమ్‌లో మొదటి బాలల గృహం తెరిచింది సాన్ లోరెంజో కూలీల వాడలో. తారాబాయి మోదక్, అనుతాయి వాఘ్ 1945లో బోర్డీ పల్లెకు పోయి, పేద పిల్లల మధ్య కూర్చుని అంగన్‌వాడీకి దారి వేశారు. పిల్లల్ని చూశాకే వాళ్లు పద్ధతి రాసుకున్నారు. మన పాలకులు చేసిందేమిటి? 2009 విద్యా హక్కు చట్టం హక్కును ఆరేళ్ల నుంచి మొదలుపెట్టి, అంతకంటే చిన్నవాళ్లను ప్రభుత్వాల ఇష్టానికి వదిలేసింది. 2020 జాతీయ విద్యా విధానం మెదడు ఎదుగుదలలో 85 శాతానికి పైగా ఆరేళ్లలోపే అని రాసింది. ఇంటర్ చదివిన అంగన్‌వాడీ టీచర్లకు మాత్రం ఆరు నెలల సర్టిఫికెట్ కోర్సు, అదీ టీవీ చానెళ్లలో, స్మార్ట్‌ఫోన్లలో చాలునంది. పసిపిల్లల్ని ఫోన్లో నేర్చుకుంటారా?

పిల్లల్ని గమనించడం ఎందుకు, తల్లిదండ్రులే ఏబీసీడీలు కావాలంటున్నారని కొందరి వాదన. జ్వరమొస్తే సూది వేయమనీ అడుగుతాం, అడిగామని డాక్టరు వేసేస్తాడా? శిక్షణలో పిల్లల్ని చూసే తీరిక లేదంటారు. అట్టలు వేయడానికి దొరికిన తీరిక ఇటు మళ్లించండి.

మా డిమాండ్లు:

1. కేస్ స్టడీ రికార్డు రద్దు చేయాలి. ప్రతి శిక్షణార్థీ ఏడాది పాటు, వారానికి ఒక రోజు ఒకే అంగన్‌వాడీలో అవే పిల్లలతో గడపాలి.

2. వైవా పిల్లల ముందే జరగాలి. నువ్వు గమనించిన పాపను చూపించు అన్నదే మొదటి ప్రశ్న కావాలి.

3. అంగన్‌వాడీ టీచరును పరీక్షకురాలిగా కూర్చోబెట్టి, లెక్చరర్‌కిచ్చినంత రెమ్యునరేషన్ ఇవ్వాలి.

4. పిల్లల మీద చెయ్యి చేసుకుంటే చట్టం ఎలాగూ ఉంది. ఆ టీచరుకు తిరిగి శిక్షణ ఇవ్వనిదే తరగతి అప్పగించకూడదు.

మొదలు ఇక్కడే పెట్టాలి. ఉస్మానియా క్యాంపస్ పక్కనే మన బస్తీ, నాలుగడుగులు వేస్తే తార్నాకలో జాతీయ పోషకాహార సంస్థ. చదువు చెప్పేవాళ్లు, తిండి సంగతి తెలిసినవాళ్లు, పిల్లలు ఇంత దగ్గరగా ఉన్న చోట కుదరదంటే ఇంకెక్కడ కుదురుతుంది?

ఉస్మానియా వీసీకి ఇచ్చే వినతిపత్రం మీద ప్రతి ఇంటి నుంచి ఒక సంతకం కావాలి. సంతకం రాని అమ్మలు వేలిముద్ర వేయండి. టీచర్ శిక్షణలో ఉన్న తమ్ముళ్లు, చెల్లెళ్లు ఈసారి రికార్డు కాపీ కొట్టబోమని రాసిచ్చి మాతో నడవండి.

— మాణికేశ్వర్ నగర్ తల్లిదండ్రులు