‘పట్నం పక్కనే ఉంది కదా’

కాకినాడను పింఛనుదారుల స్వర్గం అంటారు. అందుకు సముద్రపు గాలిని, తిన్నని వీధులను కారణంగా చెప్పడం మామూలే. అసలు కారణం దూరమని నా అభిప్రాయం. విశాఖపట్నం అక్కడికి సుమారు 150 కిలోమీటర్లు. మద్రాసు–హౌరా ప్రధాన రైలు మార్గం కూడా కాకినాడను తాకకుండా సామర్లకోట మీదుగా వెళ్లిపోతుంది. అవసరం పడ్డ మనిషిని మరో ఊరికి పొమ్మనే వీలు లేకపోవడంతో కావలసినవి ఒక్కొక్కటిగా అక్కడే సమకూరాయి. పిఠాపురం రాజావారి కళాశాల 19వ శతాబ్దంలోనే వచ్చింది. రంగరాయ వైద్య కళాశాల 1958లో మొదలైంది. 1946లో విశాఖలో పుట్టిన ఇంజినీరింగ్ కళాశాల కూడా తర్వాత కాకినాడకే చేరింది. 2016లో కేంద్రం ఎంపిక చేసిన తొలి 20 స్మార్ట్ సిటీల్లో విశాఖతోపాటు కాకినాడ పేరు ఉండటం వింతేమీ కాదు. అన్నీ ఊళ్లోనే దొరికే చోట రోజు నెమ్మదిగా గడుస్తుంది. ఊరు ప్రశాంతంగా ఉందంటే సగం అర్థం అదే.

రంగారెడ్డి జిల్లా ఇబ్రహీంపట్నానిది ఇందుకు పూర్తిగా తలకిందులైన కథ. హైదరాబాద్ నుంచి నాగార్జునసాగర్ రోడ్డులో సుమారు 30 కిలోమీటర్లు వెళ్తే వచ్చే ఈ ఊరికి దగ్గరితనమే శాపమైంది. ఏ సౌకర్యం అడిగినా ‘పట్నం పక్కనే ఉంది కదా’ అన్న జవాబు సిద్ధంగా ఉంటుంది. అలాగని ఈ ప్రాంతానికి ఏమీ రాలేదని ఎవరూ అనలేరు. జాతీయ భద్రతా దళం (ఎన్‌ఎస్‌జీ) కేంద్రం వచ్చింది. ఆదిబట్లలో టీసీఎస్, టాటా వైమానిక పరిశ్రమలు వెలిశాయి. కొంగరకలాన్‌లో ఫాక్స్‌కాన్‌కు 2023లో శంకుస్థాపన జరిగింది. మంగల్‌పల్లి, శేరిగూడ, ఖానాపూర్ వైపు ఇంజినీరింగ్ కళాశాలలకు కొదవ లేదు. అయితే పొద్దున నగరం నుంచి విద్యార్థులను దింపిన బస్సులే సాయంత్రం వాళ్లను తిరిగి నగరానికి తీసుకెళ్తాయి. భూమి ఇక్కడిది, బతుకు అక్కడిది. ఇక్కడ వెలిసినవాటిలో ఎక్కువ భాగం దేశానికో, రాష్ట్రానికో, కంపెనీలకో పనికొచ్చేవి. బజారు వీధిలో ఉండే మనిషి దినచర్యను తేలిక చేసేవి వాటిలో ఎన్ని?

ఒక్క తేదీ చూస్తే ఈ తేడా తెలిసిపోతుంది. 2022 ఆగస్టు 25న కొంగరకలాన్‌లో రంగారెడ్డి జిల్లా కొత్త సమీకృత కలెక్టరేట్‌ను ముఖ్యమంత్రి ప్రారంభించారు. అదే రోజు ఇబ్రహీంపట్నం ప్రభుత్వ ఆస్పత్రిలో కుటుంబ నియంత్రణ శిబిరం పెట్టి 34 మంది మహిళలకు ఆపరేషన్లు చేశారు. ఆ తర్వాతి రోజుల్లో వారిలో నలుగురు చనిపోయారు. మిగతావారిని హైదరాబాద్ ఆస్పత్రులకు తరలించాల్సి వచ్చింది. ఇన్‌ఫెక్షనే కారణమని అధికారులు చెప్పారు, బాధ్యులపై చర్యలూ తీసుకున్నారు. ఆ వివాదాన్ని మళ్లీ తవ్వడం నా ఉద్దేశం కాదు. హైదరాబాద్ అంత దగ్గరగా ఉన్నా ఆ మహిళలు ఈ చిన్న ఆస్పత్రికే ఎందుకు వచ్చారన్నది నా ప్రశ్న. ఇంట్లో పసిపిల్లలు, కూలి పోతుందన్న భయం, తోడు వచ్చే మనిషి లేకపోవడం. ఇవన్నీ లెక్కేసుకునే ఇంటికి 30 కిలోమీటర్లు దగ్గరేమీ కాదు. కారున్నవాడికి పట్నం పక్కనే ఉంటుంది. బస్సు కోసం నిలబడే బాలింతకు ఎక్కడో ఉంటుంది.

ఇంత దగ్గరలో నగరం ఉండగా అన్నీ మళ్లీ కట్టడం దండగ అని కొందరంటారు. గుండె ఆపరేషన్ల విషయంలో అది నిజమే, వాటికి హైదరాబాద్‌లో నిమ్స్ ఆస్పత్రి ఉంది. కాన్పు, జ్వరం, పిల్లల టీకా, రాత్రి పూట మందుల దుకాణం, చదువుకునే చోటు మాత్రం ఊళ్లోనే ఉండాలి. కాకినాడ పాత జిల్లా కేంద్రం, పైగా ఓడరేవు, దానితో ఈ ఊరికి పోలికేమిటని ఇంకొందరు అడగవచ్చు. సరైన అభ్యంతరమే, ఇబ్రహీంపట్నానికి వైద్య కళాశాల ఎవరూ అడగడం లేదు. మహానగరంలో కలిస్తే అన్నీ అవే వస్తాయన్న ఆశ మూడోది. 2025 చివర్లో ఆదిబట్ల, తుర్కయంజాల్ సహా 27 పురపాలికలను జీహెచ్‌ఎంసీలో కలిపినప్పుడు ఇబ్రహీంపట్నం ఆ జాబితాలో లేదు. ఉన్నా పెద్దగా ఒరిగేదేమీ ఉండదని నా అనుమానం. అంత పెద్ద కార్పొరేషన్‌లో చివరి వార్డు గోడు వినేదెవరు?

సముద్రం లేకపోతేనేం, ఈ ఊరికి చెరువుంది. ఇబ్రహీం కుతుబ్‌షా కాలం నాటి పెద్దచెరువు అది, ఊరి పేరులోనూ ఆయనే ఉన్నాడు. పైనుంచి నీళ్లు తెచ్చే వాగుల దారుల్లో అడ్డుకట్టలు, బోర్లు, వెంచర్లు పెరిగి అది ఏళ్ల తరబడి ఎండింది. మంచి వానలు పడ్డాకే మళ్లీ నీళ్లు చూసింది. కాకినాడ వాళ్లకు సాయంత్రం బీచ్ ఎలాగో ఇక్కడి వాళ్లకు ఈ కట్ట అలా కావచ్చు. నడిచే దారి, దీపాలు, కూర్చునే బల్లలు ఉంటే చాలు. అన్నిటికన్నా ముందు మురుగు కలవకుండా, వాగు దారి మూసుకుపోకుండా చూడాలి. దీనికి కోట్ల ప్రాజెక్టు అక్కర్లేదు, వెంచర్‌కు అనుమతి ఇచ్చే ముందు పాత పటం తెరిచి చూసే అధికారి చాలు. ఇకమీదట మన దగ్గరికి ఓట్లడగ వచ్చేవారిని ఏ కంపెనీ తెస్తారని అడగడం కొన్నాళ్లు మానేద్దాం. అర్ధరాత్రి కాన్పు నొప్పులతో వచ్చిన మనిషిని నగరానికి పంపకుండా ఇక్కడే చూసే ఏర్పాటు ఎప్పటికి చేస్తారో తేదీతో సహా చెప్పమని అడుగుదాం.