గర్భసంచిలో గడ్డ: తొలగింపే మార్గమా?

“గర్భసంచిలో గడ్డ ఉంది, తీయించకపోతే క్యాన్సర్ అవుతుంది” అన్న మాట మన ప్రాంతంలో తరచుగా వినబడుతుంది. ఇందులో మొదటి సగం నిజం కావచ్చు. రెండవ సగం చాలావరకు భయమే.

శరీరంలో కణాలు అతిగా పెరగడమంతా ఒకే తీరుగా ఉండదు. క్యాన్సర్ కణాలు పక్క కణజాలంలోకి చొచ్చుకుపోతాయి, రక్తం ద్వారా దూరపు అవయవాలకు పాకుతాయి. ఫైబ్రాయిడ్ అలాంటిది కాదు. గర్భాశయపు కండరకణాలు మితిమీరి పెరగడం వల్ల ఏర్పడే ఈ కంతి సాధారణంగా ఉన్నచోటనే ఉంటుంది. ఈస్ట్రోజన్, ప్రొజెస్టిరాన్ హార్మోన్ల ప్రభావంతో పెరిగి, ముట్లుడిగిన తరువాత చాలావరకు కుంచించుకుపోతుంది. ఇది క్యాన్సర్‌గా మారడం అత్యంత అరుదు.

2015-16 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారం, 15-49 ఏళ్ల స్త్రీలలో గర్భాశయం తీయించుకున్నవారు దేశం మొత్తంమీద నూటికి 3.2 మంది. ఆంధ్రప్రదేశ్‌లో 8.9, తెలంగాణలో 7.7. ఇంత తేడాకు వ్యాధి ఒక్కటే కారణమని నేను నమ్మను.

అధిక రక్తస్రావం, రక్తహీనత మందులకు లొంగనప్పుడు శస్త్రచికిత్స అవసరం కావచ్చు. ముట్లుడిగాక మళ్లీ రక్తం కనిపించినా, కంతి పెరిగినా ఆలస్యం చేయకుండా పరీక్ష చేయించుకోవాలి. కానీ ఏ బాధా కలిగించని కంతికి భయపడి అవయవాన్ని వదులుకోవడం వివేకం కాదు. అండాశయాలను కూడా చిన్న వయసులోనే తీసివేస్తే ఎముకలు పెళుసుబారతాయి, గుండెజబ్బుల ముప్పు పెరుగుతుంది.

అమ్మలారా, అంగీకారపత్రంపై సంతకం చేసే ముందు అడగండి: నాకున్నది ఏ రకపు కంతి? మందులతో తగ్గదా? కంతిని మాత్రమే తీయలేరా? అండాశయాలను ఉంచుతారా? ఈ ప్రశ్నలకు ఓపికగా జవాబు చెప్పడం వైద్యుని ధర్మం.