పిల్లను కొనేముందు తల్లిని చూడండి



తల్లిని చూసి పిల్లను, పాడిని చూసి బర్రెను అని మన పెద్దల సామెత. పెండ్లి సంబంధముల దగ్గర వాడే ఈ మాటను ఈ నెల మేము కుక్కపిల్లల విషయములో వాడబోతున్నాము. నవ్వకండి. సెలవుల తరువాత ఈ శీర్షికకు వచ్చిన ఉత్తరములలో మూడింట ఒకే ప్రశ్న ఉంది: “పిల్లలు జాతి కుక్క కావాలని మారాము చేస్తున్నారు. ఎక్కడ కొనాలి, ఏమి చూసి కొనాలి?” ఒక పెద్దాయన మాత్రము విశ్వాసి ఇంట్లో కుక్క ఎందుకని ఫిలిప్పీ పత్రిక 3:2 చూపించి మందలించారు. అయ్యగారూ, అక్కడ పౌలు హెచ్చరించినది మనుష్యులను గురించి, నాలుగు కాళ్ల కుక్కలను గురించి కాదు. తన మంద దగ్గర కుక్కలుండేవని యోబు భక్తుడే చెప్పుకొన్నాడు (30:1).

మన రైతు గేదెను ఊరికే కొనడు. అమ్మేవాని కొట్టము దగ్గరికే పోయి రెండు పూటలు పాలు పిండించి చూస్తాడు. నోరు తెరిచి పళ్లు చూస్తాడు. నాలుగు చన్నులలోనూ ధార సరిగా వస్తోందా అని తానే పిండి చూస్తాడు. ఎన్నో ఈత అని అడిగి, జవాబు మీద నమ్మకము లేక కొమ్ము మీద వలయాలు లెక్కపెడతాడు. అదే రైతు పట్నము వెళ్లి, బుట్టలో కుక్కపిల్ల తోక ఊపితే, పది నిమిషాలలో వేల రూపాయలు లెక్కపెట్టి ఇచ్చి బస్సు ఎక్కుతాడు.

మేమూ అదే చేశాము. మా చిన్నవాడికి మాట ఇచ్చి ఉన్నాము. పట్నములో ఒక అంగడివాడు, “లాబ్రడార్ అండీ, నలభై ఐదు రోజుల పిల్ల, టీకాలన్నీ అయిపోయినయ్” అన్నాడు. తల్లి ఏది అంటే ఫారములో ఉందన్నాడు. ఆ ఫారము ఎక్కడ అని అడగాలని మాకు తోచలేదు. చేతిలో పెట్టిన కార్డు మీద తేదీలున్నవి గాని టీకా సీసా లేబులు అంటించి లేదు, డాక్టరు సంతకము లేదు. పొట్ట గుండ్రముగా ఉంటే బాగా తిన్నదని సంతోషపడ్డాము. అది తిండి కాదు, నట్టలని తరువాత తెలిసింది.

నాలుగో రోజు పాలు ముట్టలేదు. సాయంత్రానికి వాంతులు, రాత్రికి నెత్తురు విరేచనాలు, భరించలేని వాసన. మండల కేంద్రములోని పశువుల ఆసుపత్రిలో డాక్టరుగారు రెండు రోజులు సెలైను ఎక్కించారు. ఆరో రోజు తెల్లవారుజామున ప్రాణము పోయింది. మామిడి చెట్టు క్రింద లోతుగా గొయ్యి తీసి పాతిపెట్టాము.

ఆ రాత్రి కుటుంబ ప్రార్థనలో మా వాడు, “దేవుడు దీన్ని ఎందుకు తీసికొన్నాడు?” అని అడిగాడు. దేవుని చిత్తమని ఏదో చెప్పి ఊరుకొన్నాము. కాని ఆ జవాబు మాకే మింగుడుపడలేదు. మన తొందరపాటును తీసికొని పోయి దేవుని చిత్తము మీద మోపడము న్యాయమా? రెండు రోజులు పోయాక వాడిని కూర్చోబెట్టి ఉన్నమాట చెప్పాము. “అది జబ్బుతోనే మన ఇంటికి వచ్చింది నాయనా. అమ్మినవాడు చెప్పలేదు. మేము అడగలేదు. తప్పు మాది కూడా” అన్నాము. వాడు చాలాసేపు మాట్లాడలేదు.

ఆ జబ్బు పేరు పార్వో. క్రిమి లోపలికి పోయిన తరువాత సాధారణముగా మూడు నుండి ఏడు రోజులలో లక్షణాలు బయటపడతాయని, అంటే కొన్న రోజుకే మా పిల్లకు అంటుకొని ఉండవచ్చునని డాక్టరుగారు చెప్పారు. అంగడిలో పది చోట్ల నుండి తెచ్చిన పిల్లలను ఒకచోట కుక్కితే ఒక్కదాని జబ్బు అన్నింటికీ పాకుతుంది. ఆ క్రిమి నీడపట్టు మట్టిలో నెలల తరబడి, ఒక్కొక్కప్పుడు ఏడాదికి పైగా బ్రతికి ఉంటుంది. మామూలు ఫినాయిలుకు లొంగదు. బ్లీచింగు పొడి నీళ్లతో గచ్చు కడగవచ్చు గాని వాకిలి మట్టిని ఏమి చేస్తాము? సంవత్సరము దాకా టీకాలు పూర్తికాని పిల్లను ఆ ఇంట అడుగు పెట్టనీయవద్దన్నారు. ఆ సంవత్సరము మాకు మంచి పాఠశాల అయింది.

తల్లిని చూడమని ఎందుకంటున్నామో వినండి. దూడకు జున్నుపాలు ఎంత ముఖ్యమో మీకు చెప్పనక్కర లేదు. కుక్కపిల్లకూ అంతే. తల్లికి వేళకు టీకాలు పడి ఉంటే, మొదటి పాలతో ఆ రక్షణ కొన్ని వారాలపాటు పిల్లకు వస్తుంది. ఆ రక్షణే పిల్లకు వేసిన టీకాను పని చేయనీయక అడ్డుపడుతుంది కూడా. అందుకే ఆరు నుండి ఎనిమిది వారాల మధ్య మొదటి టీకా వేయించి, మూడు నాలుగు వారాలకొకసారి చొప్పున పదహారు వారాలు నిండేదాకా మళ్లీ మళ్లీ వేయిస్తారు. నలభై ఐదు రోజుల పిల్లకు “టీకాలన్నీ అయిపోయినయ్” అనే మాట నిజము కాజాలదు. పార్వో, డిస్టెంపర్ టీకాల సంగతి ఇది. పిచ్చికుక్క వ్యాధికి మూడు నెలలు నిండాక వేయించి, తరువాత డాక్టరు చెప్పిన ప్రకారము కొనసాగించాలి.

ఏడాది గడిచాక మేము వెళ్లినది కృష్ణానది ఒడ్డున ఒక పల్లెటూరికి. ఆ ఇంటాయన అంగడి పెట్టలేదు, ఇంటి పెరటిలోనే ఒకే జాతిని పెంచుతున్నాడు. తల్లి కుక్క మమ్మును చూసి మొరిగింది, యజమాని మాట వినగానే ఆగి, దగ్గరకు వచ్చి చేతులు వాసన చూసింది. భయముతో మూలకు నక్కే తల్లి, మీదికి దూకే తల్లి దగ్గర పిల్లను తీసికోవద్దు. గుణము కొంత రక్తముతోనూ, కొంత పెంపకముతోనూ వస్తుంది. ఆయన తల్లి టీకా కార్డు అడగకముందే తెచ్చి చూపించాడు. తండ్రి వేరే ఊరిలో ఉందని దాని కాగితాలు చూపించాడు. తరువాత మమ్మును ప్రశ్నించడము మొదలుపెట్టాడు! పగలు ఇంట్లో ఎవరుంటారు? గొలుసుతో కట్టేస్తారా? ఎండాకాలము నీడ ఉన్నదా? ఇంతకుముందు కుక్క ఉందా, ఏమైంది? మాకు కొంచెము చిన్నతనముగానే అనిపించింది. డబ్బు మనదైతే ప్రశ్నలు ఆయనవా అనుకొన్నాము. ఇప్పుడు మాత్రము మంచి పెంపకందారుకు అంతకంటె గుర్తు లేదంటాము. ఆ పిల్ల ఏమైపోతుందోనన్న చింత ఉన్నవాడే అడుగుతాడు.

ఆ రోజు ఆయన పిల్లను ఇవ్వలేదు. ఎనిమిది వారాలు నిండాక రమ్మన్నాడు. ఇది ఆయన పట్టుదల మాత్రమే కాదు. 2017లో కేంద్ర ప్రభుత్వము తెచ్చిన కుక్కల పెంపకము, అమ్మకపు నియమాల ప్రకారము ఎనిమిది వారాలు నిండని పిల్లను అమ్మకూడదు, పెంచి అమ్మేవారు రాష్ట్ర జంతు సంక్షేమ బోర్డులో నమోదు చేసికోవాలి. తల్లితోనూ తోబుట్టువులతోనూ ఆడుకొంటూనే పిల్ల ఎంత గట్టిగా కొరకకూడదో నేర్చుకొంటుంది. నెలకే విడదీసిన పిల్లకు ఆ బుద్ధి మన పిల్లల చేతుల మీద నేర్పుకోవలసి వస్తుంది.

పిల్లను చూడడము కష్టము కాదు. కండ్లలో పుసులు, ముక్కున చీమిడి ఉండకూడదు. చిగుళ్లు గులాబి రంగులో ఉండాలి, తెల్లగా పాలిపోతే నట్టలో గోమార్లో నెత్తురు తాగుతున్నట్లు అనుమానించాలి. తోక ఎత్తి చూడండి, వెంట్రుకలు తడిగా అంటుకొని ఉంటే విరేచనాలున్నట్లే. బొడ్డు దగ్గర ఉబ్బు ఉంటే డాక్టరుకు చూపించాలి. వెనుక నుండి చప్పట్లు కొడితే తిరిగి చూడాలి. రాజపాళయం వంటి తెల్లని జాతులలో, డాల్మేషియన్‌లలో పుట్టుచెవుడు ఉండే అవకాశము ఎక్కువ గనుక ఇది మరువవద్దు. లాబ్రడార్‌లు, జర్మన్ షెపర్డ్‌లలో తుంటి కీలు సరిగా అమరని లోపము వంశపారంపర్యముగా వస్తుంది. పిల్లలో అది కంటికి కనబడదు. తల్లిదండ్రులకు తుంటి ఎక్స్‌రే తీయించారా అని అడగండి. కనీసము తల్లి లేచి నడిచే తీరైనా చూడండి.

కాగితాల మీద ఎక్కువ ఆశ పెట్టుకోకండి. చెన్నైలోని కెన్నెల్ క్లబ్ ఆఫ్ ఇండియా ఇచ్చే పత్రము ఇది ఎవరి కొడుకు, ఎవరి మనుమడు అని చెపుతుంది. అది వంశావళి, ఆరోగ్య పత్రము కాదు. హిజ్కియావంటి రాజుకు మనష్షే పుట్టలేదా?

ఇక ఏ జాతి అనే మాట. 2003లో ఒక మొబైలు ఫోను ప్రకటనలో పగ్ కుక్క కనబడ్డాక ఇంటింటికీ అదే కావాలన్నారు. అణగిన ముక్కుతో మన వేసవిలో అది ఊపిరికి పడే పాట్లు ప్రకటనలో చూపించలేదు. మంచు దేశపు హస్కీని రెంటచింతల ఎండలలో కట్టివేయడము మాకు పాపముగానే తోస్తుంది, ఎవరేమనుకొన్నా సరే. మన ఎండకు మన ముధోల్, రాజపాళయం వేటకుక్కలు తట్టుకొంటాయి గాని వాటికి పరుగెత్తడానికి చోటు కావాలి. ఇంటి కాపలాకు, పిల్లలకు తోడుగా మాత్రమే అయితే మీ వీధిలో పుట్టిన ఊరకుక్క పిల్ల చాలునని మా అభిప్రాయము. టీకాలు దానికీ వేయించాలి. దాని తల్లిని మీరు ఎన్నో ఏళ్లుగా చూస్తూనే ఉన్నారు, దాని గుణమేమిటో ఎవరినీ అడగనక్కర లేదు.

మన సంఘాలలో కొందరు యువకులు జాతి కుక్కలను పెంచి అమ్ముతూ నాలుగు డబ్బులు సంపాదించుకొంటున్నారు. తప్పేమీ లేదు. ద్వితీయోపదేశకాండము 23:18లోని మాటను బట్టి ఆ డబ్బు కానుక పెట్టెలో వేయవచ్చునా అని ఒకరు అడిగారు. పండితులలో చాలామంది ఆ మాట మనుష్యులను ఉద్దేశించినదే అంటారు. మాకు మాత్రము మరొక చింత ఉంది. మేత ఖర్చు మిగులుతుందని నెల పిల్లను అమ్మినా, జబ్బు దాచి అమ్మినా, ఆరు నెలలకొకసారి తల్లిని చూలు కట్టించినా, అది సామెతల గ్రంథము 11వ అధ్యాయము మొదటి వచనములోని దొంగత్రాసు సంగతే.

మా రెండవ పిల్లను తెచ్చుకొనే రోజున ఆ ఇంటాయన తల్లి పడుకొనే గోనెపట్టాలోనుండి ఒక ముక్క కోసి ఇచ్చాడు. మొదటి రెండు రాత్రులు అది తల్లి కోసము ఏడుస్తుంది, దీనిని ప్రక్కన వేయండి అన్నాడు. వేశాము. కాసేపు మూలిగి, దానిలో ముక్కు పెట్టుకొని నిద్రపోయింది. మా వాడు చాప తెచ్చుకొని దాని ప్రక్కనే పడుకొన్నాడు.