అది బదనిక కాదు, ఆర్కిడ్



ఆదివారం శ్రమదానంలో మెస్సు వెనక మామిడిచెట్టుకు పట్టిన బదనికను కొట్టేద్దామని నిర్ణయించారు. నేను సగం ఒప్పుకుంటాను. ఎందుకంటే ఆ చెట్టు మీద ఉన్నవి రెండు రకాలు. పైకొమ్మల్లో గుబురుగా, ఎర్రటి గొట్టాల్లాంటి పూలతో ఉన్నది అసలు బదనిక. దాని వేరు కొమ్మలోకి దిగి రసం పీలుస్తుంది. దాన్ని కొట్టాల్సిందే. కింద పంగలో, దళసరి ఆకులు రెండు వరసలుగా, తెల్లటి లావు వేర్లు వేలాడుతూ ఉన్నది వాండా అనే ఆర్కిడ్. మనవాళ్లు దాన్నీ బదనికే అంటారు. పేరు ఒకటైతే శిక్ష కూడా ఒకటేనా? వాండా వేరు బెరడును పట్టుకుంటుంది, అంతే. వేరు మీది తెల్లపొర స్పంజిలా వాననీటిని పీల్చుకుంటుంది. చెంబెడు నీళ్లు పోసి చూడండి, ఆ తెల్లవేరు పచ్చబడుతుంది.

"అది ఏనాడు పూసింది?" అంటున్నారు కొందరు. దీనికి బోరబండ సంగతి చెప్పాలి.

బోరబండలో ఉండే మా చిన్నాన్న హైటెక్ సిటీలో ఒక ఆఫీసులో హౌస్ కీపింగ్ చేస్తాడు. అక్కడ బల్లల మీద ఫెలనాప్సిస్ అనే ఆర్కిడ్ కుండీలు పెడతారు. పూలు రాలగానే చెత్తలో వేసేస్తారు. బతికున్న మొక్కను! చిన్నాన్న ఒకటి అడిగి తెచ్చి కిటికీలో పెట్టాడు. ఎండాకాలం, వానాకాలం ఆకులే. పూస్తుందా అని పిన్ని ఒకటే నవ్వు. కానీ ఈ మొక్క 28 డిగ్రీలు దాటిన వేడిలో ఆకులే వేస్తుంది. 25 కంటే తగ్గిన చల్లదనం కొన్ని వారాలు తగిలితేనే ఆకు మొదట్లోంచి పూలగెల తన్నుకొస్తుంది. నర్సరీవాళ్లు గదులు చల్లబరిచి ఏడాది పొడుగునా పూయించేది ఇలాగే. బోరబండలో ఆ పని కార్తీకం, మార్గశిరం రాత్రులే చేశాయి. సంక్రాంతికి వెళితే చిన్న మొలక కనిపించింది. పిన్ని వేరు అంది. వేరు కొస గుండ్రంగా ఉంటుంది, గెల కొస చదునుగా, పక్కకు ముక్కు పెట్టినట్టు ఉంటుంది. అది గెలే. పూలు విచ్చడానికి ఇంకో రెండు మూడు నెలలు పట్టింది.

ఒక్కో ఆర్కిడ్‌ది ఒక్కో లెక్క. ఆగ్నేయాసియాలో పావురం ఆర్కిడ్ అని ఉంది. జడివాన పడి గాలి చల్లబడ్డ తొమ్మిదో రోజుకి ఆ చుట్టుపక్కల చెట్లన్నిటి మీదా ఒకేసారి పూస్తుంది. వాండాకు ముఖ్యంగా కావలసింది మంచి వెలుతురు. మన చెట్టు మీద ఆ వెలుతురును అడ్డుకుంటున్నదే పైనున్న బదనిక! దాన్ని తీసేస్తే, ఎండాకాలంలో కిందిది గెల వేసే అవకాశం ఉంది. పీకేస్తే మాత్రం మళ్లీ రావడం కష్టం. దాని విత్తనం దుమ్ములాంటిది, తగిన బూజు తోడు దొరికితేనే మొలుస్తుంది, పూతకు ఏళ్లు పడుతుంది.

శనివారం సాయంత్రం వాండా మొక్కలకు నేను ఎర్ర రిబ్బను కడతాను. వార్డెన్ సార్ నిచ్చెన ఇప్పించాలి. కత్తి పట్టేవాళ్లు రిబ్బను ఉన్నచోట ఆగండి.

— 9వ తరగతి, బి సెక్షన్